ప్లాస్టిక్ పొరలో లిథియం ఎలా కదులుతుంది, రెండు పాలిమర్లు కలిపితే ఏం మారుతుంది?

ఘన స్థితి బ్యాటరీలు రేపో మాపో వచ్చేస్తున్నాయని ఏటా చదువుతూనే ఉన్నాం, కానీ వాటిలో ఒక రకం 2011 డిసెంబరు నుంచే పారిస్ వీధుల్లో తిరిగింది. ఆటోలిబ్ అనే అద్దె కార్ల పథకంలో బొలోరే కంపెనీ నడిపిన బ్లూకార్లలో ద్రవ ఎలక్ట్రోలైట్, అంటే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య అయాన్లని మోసే ద్రవం, లేదు. లిథియం లోహపు రేకుకీ, ధన ఎలక్ట్రోడ్ అయిన క్యాథోడ్‌కీ మధ్య ఉన్నది లవణం కలిపిన పలుచని పాలిమర్ పొర. కాకపోతే బ్యాటరీని ఎప్పుడూ 60 డిగ్రీలకు పైనే వేడిగా ఉంచాలి, బండి ఆపి ఉంచినప్పుడు కూడా ప్లగ్గుకి తగిలించి పెట్టాలి, లేకపోతే చల్లారిపోతుంది, చల్లారితే అవసరమైనంత కరెంటు ఇవ్వలేదు. పథకం 2018లో అప్పుల గొడవతో మూతపడింది, అది వేరే కథ. అన్నట్టు, ద్రవం లేదు కాబట్టి ఇవి మండవని ఎవరైనా చెబితే వెంటనే నమ్మేయకండి: అదే కుటుంబపు బ్యాటరీలున్న రెండు బస్సులు 2022 ఏప్రిల్‌లో పారిస్‌లో తగలబడ్డాయి, ఆ వెంటనే అక్కడి రవాణా సంస్థ అలాంటి బస్సులు 149 పక్కన పెట్టేసింది. పాలిమర్ కూడా మండే పదార్థమే, లిథియం లోహమైతే 180 డిగ్రీల దగ్గర కరుగుతుంది.

సరే, ఆ వేడి ఎందుకు కావాలి? ఇది అర్థమైతే రెండు పాలిమర్లు కలిపి ఎలక్ట్రోలైట్ చేయాలన్న ఆలోచన ఎందుకు పుట్టిందో, అందులో ఎంత పసుందో, ఎంత హడావిడో కూడా అర్థమవుతుంది.

ఆ పాలిమర్ పేరు పాలీఇథిలీన్ ఆక్సైడ్, అందరూ పీఈఓ అంటారు. రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్, మళ్లీ రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్, ఇలా వేలసార్లు సాగే గొలుసు. వింత పదార్థమేమీ కాదు, మలబద్ధకానికి మెడికల్ షాపులో ఇచ్చే పీఈజీ పొడి కూడా ఈ గొలుసే, బాగా పొట్టిది. 1973లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఫెంటన్, పార్కర్, రైట్ ఇందులో క్షార లోహాల లవణాలు కరుగుతాయని చూపించారు. కొన్నేళ్లకి ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో మిషెల్ అర్మాండ్, అయితే దీన్ని బ్యాటరీలో పెట్టొచ్చు కదా అన్నాడు.

ఘన పదార్థంలో లవణం కరగడమేమిటి అనిపిస్తుంది కానీ, నీళ్లలో ఉప్పు ఎందుకు కరుగుతుందో ఇక్కడా అందుకే. నీటిలోని ఆక్సిజన్ సోడియం చుట్టూ చేరినట్టే గొలుసులోని ఆక్సిజన్లు ఓ అయిదారు లిథియం అయాన్ చుట్టూ మూగుతాయి. తేడా ఒక్కటే, నీటి అణువులు లిథియంతో పాటు బయల్దేరి వెళ్లిపోగలవు, వేల ముక్కల పొడవుతో చిక్కుపడి ఉన్న గొలుసు అలా వెళ్లలేదు. పొరలో సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి అయాన్లు దూరిపోతాయి అని చాలామంది ఊహించుకుంటారు, అదేం లేదు. జాతరలో కిక్కిరిసిన జనం మధ్య ఇరుక్కున్న చంటిపిల్లని చేతుల మీదుగా అవతలికి దాటిస్తారు చూడండి, అలా జరుగుతుంది. ఎవరూ తమ చోటు వదలరు, చేతులు మాత్రం కదులుతాయి, పిల్ల ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లిపోతుంది. చేతులు కదలకపోతే పిల్ల కదలదు, ఎవరైనా గట్టిగా పట్టుకుని వదలకపోయినా కదలదు.

పీఈఓకి ఈ రెండు జబ్బులూ ఉన్నాయి. మామూలు వేడిలో దాని గొలుసుల్లో సగానికి పైగా వరుసగా మడతపడి స్ఫటికాలుగా బిగుసుకుని ఉంటాయి, ఆ భాగంలో ముక్కలు పెద్దగా కదలవు. 1983లో గ్రెనోబుల్ బృందం ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో అణువుల కదలికని చూసే పద్ధతి) పెట్టి చూసి, అయాన్లు నడిచేది ప్రధానంగా స్ఫటికం కాని చోట్లలోనే అని తేల్చింది. (తర్వాత 2001లో స్కాట్లాండ్ వాళ్లు కొన్ని ప్రత్యేక స్ఫటికాల్లోనూ లిథియం కదులుతుందని చూపించి అందర్నీ ఆశ్చర్యపరిచారు, కానీ ఆ సంఖ్యలు బ్యాటరీకి సరిపోయేంత కాదు.) స్ఫటికాలు కరిగేది సుమారు 65 డిగ్రీల దగ్గర. పారిస్ కార్లకి వేడి అందుకే. మన రామగుండం మే నెల ఎండ కూడా దీనికి చాలదు.

ఇక రెండో జబ్బు, గట్టిగా పట్టుకోవడం. పీఈఓ పట్టుకునేది లిథియాన్నే. జోడీగా ఉన్న రుణ అయాన్‌ని పట్టుకునే ఏర్పాటు ఈ గొలుసులో ఏమీ లేదు, అది స్వేచ్ఛగా తిరుగుతుంది. దీని సంగతి తర్వాత వస్తుంది, అసలు ఇబ్బంది అక్కడే ఉంది.

వాహకత, అంటే అయాన్లని తన గుండా పోనిచ్చే గుణం, తక్కువైతే ఏమవుతుందో ఒకసారి లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే 10⁻⁶, 10⁻⁴ అని చదివేసి ముందుకు వెళ్లిపోతే వాటి బరువు తెలియదు. పొర మందం 50 మైక్రాన్లు అనుకోండి, అంటే 0.005 సెంటీమీటర్లు. మామూలు వేడిలో పీఈఓ పొర వాహకత సెంటీమీటరుకు 10⁻⁶ సీమెన్స్ దాకా ఉందనుకుందాం. మందాన్ని వాహకతతో భాగిస్తే చదరపు సెంటీమీటరు పొరకి 5000 ఓమ్‌ల అడ్డు వస్తుంది. దాని గుండా ఒక మిల్లీ ఆంపియరు పంపితే, అదేమీ పెద్ద కరెంటు కాదు, పొరలోనే 5 వోల్టులు పోవాలి. బ్యాటరీ మొత్తం ఇచ్చేదే మూడున్నర వోల్టులైతే 5 వోల్టులు ఎక్కణ్ణుంచి తెస్తాం? వాహకత 10⁻⁴కి పెరిగితే అదే నష్టం 0.05 వోల్టులు, ఇది భరించొచ్చు. ద్రవ ఎలక్ట్రోలైట్లు 10⁻² దగ్గర ఉంటాయి. కాబట్టి ఈ రంగంలో అందరి కళ్లూ మామూలు వేడిలో 10⁻⁴ దాటడం మీదే.

దానికి రకరకాల దారులు తొక్కారు. 1998లో రోమ్‌లో స్క్రొసాటి బృందం టైటానియా, అల్యూమినా నానో పొడులు కలిపి స్ఫటికాలు మళ్లీ కట్టకుండా ఆపింది. టీఎఫ్ఎస్ఐ లాంటి పెద్ద, మెత్తని రుణ అయాన్లున్న లవణాలు వాడారు, అవి కూడా గొలుసుల వరసని చెదరగొడతాయి. ద్రావకం కొద్దిగా వదిలేసి జెల్ చేసినవాళ్లున్నారు, అది ఘనం అనడానికి నాకు నోరు రాదు. ఇంకో దారి, రెండో పాలిమర్‌ని కలపడం. పీఈఓలో పీఎంఎంఏ, అంటే మన బోర్డులకి వాడే అక్రిలిక్ షీటు పదార్థం, లేదా పీవీడీఎఫ్, పీవీపీ, పాలీఅక్రిలోనైట్రైల్ ఇలాంటివి. ఇది చవక, కొత్త సంశ్లేషణ అక్కర్లేదు, రెండూ ఒకే ద్రావకంలో కరిగించి, లవణం వేసి, రోజంతా కలియబెట్టి, గాజు పళ్లెంలో పోసి ఆరబెడితే పొర వచ్చేస్తుంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, వరంగల్ కాకతీయ, హైదరాబాద్ ఉస్మానియా భౌతికశాస్త్ర విభాగాల నుంచి పాలిమర్ ఎలక్ట్రోలైట్ల మీద కొన్ని దశాబ్దాలుగా పత్రాలు రావడానికి ఇదీ ఒక కారణం అని నేననుకుంటాను, కోట్ల రూపాయల పరికరాలు లేకుండా మొదలుపెట్టగలిగే పని ఇది. సోడియం, పొటాషియం లవణాలతో ఇక్కడ జరిగిన పని తక్కువేం కాదు, ఇవాళ సోడియం బ్యాటరీల గురించి ఇంత మాట్లాడుతున్నారంటే ఆ పాత పత్రాలు తిరగేయాల్సిందే.

కలపడం అంటే చెప్పినంత తేలిక కాదు. నీళ్లలో ఆల్కహాల్ కలిసిపోతుంది, చిన్న అణువులు, చెల్లాచెదురైతే కోటానుకోట్ల అమరికలు దొరుకుతాయి, ఆ చిందరవందర లాభమే వాటిని కలిపేస్తుంది. వేల ముక్కలు ఒకే గొలుసుకి కట్టేసి ఉంటే ఆ లాభం దాదాపు సున్నా. కాబట్టి రెండు రకాల ముక్కలకీ ఒకదానంటే ఒకదానికి కొంచెం పడకపోయినా చాలు, విడిపోతాయి. కలిసి ఉండాలంటే వాటి మధ్య ఏదో ఆకర్షణ ఉండాలి, పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్), పీవీపీ జంటలో హైడ్రోజన్ బంధాలు ఆ పని చేస్తాయి. దీనికి తోడు లవణం వేయగానే లెక్క మారిపోతుంది. లిథియం రెండు పాలిమర్లనీ పట్టుకుంటే కలుపుతుంది, ఒకదాన్నే ఇష్టపడితే విడదీస్తుంది. లవణం లేనప్పుడు చక్కగా కలిసిన జంట లవణం పడ్డాక విడిపోవడం మామూలే.

బాగా కలిసిపోయిందే అనుకుందాం. అప్పుడు ఒక లాభం, ఒక నష్టం పక్కపక్కనే వస్తాయి, పత్రాల్లో లాభం పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. లాభం తెలిసిందే: పరాయి గొలుసులు మధ్యలో దూరడంతో పీఈఓ వరసలు కట్టలేకపోతుంది, స్ఫటికాలు తగ్గుతాయి, స్ఫటికాల వరసని చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో 19, 23 డిగ్రీల దగ్గరుండే పదునైన శిఖరాలు చదునవుతాయి. ఇక నష్టం చూద్దాం. ప్రతి పాలిమర్‌కీ ఒక ఉష్ణోగ్రత ఉంటుంది, దానికి కింద గొలుసు ముక్కలు గాజులా బిగిసిపోతాయి, టీజీ అంటారు. పీఈఓకి అది మైనస్ 60 డిగ్రీలు, పీఎంఎంఏకి 105. రెండూ కలిస్తే టీజీ మధ్యలో ఎక్కడో తేలుతుంది. ఫాక్స్ సమీకరణం అనే పాత సూత్రంతో లెక్కేస్తే 20 శాతం పీఎంఎంఏ వేసిన మిశ్రమానికి మైనస్ 40 వస్తుంది, సగం సగం వేస్తే సుమారు సున్నా.

ఈ ఇరవై డిగ్రీలు, అరవై డిగ్రీలు చిన్న సంగతి కాదు. స్ఫటికం కాని పాలిమర్‌లో వాహకత వోగెల్, టామన్, ఫల్చర్ పేర్ల మీద ఉన్న సూత్రాన్ని పాటిస్తుంది, అందులో లెక్కకొచ్చేది మన గది ఉష్ణోగ్రత టీజీ కంటే ఎంత పైన ఉంది అన్నది. సాధారణంగా టీజీకి ఓ 50 డిగ్రీలు కింద ఒక బిందువు తీసుకుని అక్కణ్ణుంచి దూరం కొలుస్తారు. ఆ సూత్రంలోని స్థిరాంకాన్ని 1000 కెల్విన్ అనుకుని 25 డిగ్రీల దగ్గర వేసి చూడండి, టీజీ మైనస్ 60 నుంచి మైనస్ 40కి జరిగితే వాహకత మూడున్నర రెట్లు పడిపోతుంది, సున్నాకి జరిగితే సుమారు 370 రెట్లు. అంటే స్ఫటికాలు పోయి వచ్చిన లాభాన్ని గొలుసులు బిగుసుకుపోయి తినేస్తాయి. చాలా పత్రాల్లో రెండో పాలిమర్ పెంచుతూ పోతే వాహకత మొదట పెరిగి, ఒక చోట శిఖరం ఎక్కి, ఆ తర్వాత పడిపోతుంది, ఎందుకో పెద్దగా వివరణ ఉండదు. ఈ రెండు ధోరణుల పోటీయే ఆ శిఖరం. లవణం పెంచినా ఇలాంటి శిఖరమే వస్తుంది, మొదట అయాన్లు పెరుగుతాయి, తర్వాత ఒక్కో లిథియం అయిదారు ఆక్సిజన్లని బంధించి గొలుసుని బిగించేస్తుంది, ఇంకా పెంచితే ధన, రుణ అయాన్లు జంటలు కట్టి కూర్చుంటాయి. అందుకే లిథియం ఒకటికి ఆక్సిజన్లు 10 నుంచి 20 ఉండే చోట ఎక్కువమంది ఆగుతారు.

కానీ ఫాక్స్ సూత్రం ఉన్నదంతా చెప్పదు, నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చే భాగం ఇదే. గొలుసులోని ఒక ముక్క పక్కన ఎవరుంటారు? మిశ్రమం సగం సగమే అయినా, దానికి అటూ ఇటూ అతుక్కుని ఉన్నవి తన జాతి ముక్కలే, వేరే దారి లేదు. కాబట్టి పీఈఓ ముక్క చుట్టూ సగటు కన్నా ఎక్కువ పీఈఓ ఉంటుంది, అది తన చిన్న ఇరుగుపొరుగులో ఇంకా మెత్తగానే కదులుతుంది. లాడ్జ్, మెక్‌లీష్ 2000లో దీనికో నమూనా ఇచ్చారు. పీఈఓ, పీఎంఎంఏ జంటలో ఇది ఎంత దూరం వెళ్తుందంటే, కొద్దిపాటి పీఈఓ ఉన్న మిశ్రమం గాజులా బిగిసే ఉష్ణోగ్రత దగ్గర కూడా పీఈఓ ముక్కలు చుట్టూ ఉన్న పీఎంఎంఏ కంటే లక్ష కోట్ల రెట్లు వేగంగా కదులుతున్నాయని ఎన్ఎంఆర్‌లో తేలింది. గట్టిదనం ఒకరిది, చలనం ఇంకొకరిది, కావలసింది ఇదే కదా అనిపిస్తుంది. ఇక్కడ ఓ చిక్కు ఉంది. లిథియం ముందుకు దూకాలంటే పక్కనే అయిదారు ఆక్సిజన్ల గూడు ఇంకోటి సిద్ధంగా ఉండాలి. పీఈఓని పలచన చేసేకొద్దీ గూళ్ల మధ్య దూరం పెరుగుతుంది, ముక్కలు ఎంత చకచకా కదిలినా లిథియానికి దూకే చోటు కనిపించదు, ఉన్న చోటే గిరగిరా తిరుగుతూ ఉంటుంది.

రెండూ విడిపోతే? అది ఎప్పుడూ చెడ్డది కాదు. పీఈఓ, లవణం ఒక దశగా, గట్టి పాలిమర్ ఇంకో దశగా ఉండి, రెండూ పొర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెగకుండా సాగితే, ఒకటి దారి అవుతుంది, ఇంకోటి బలం ఇస్తుంది. యాదృచ్ఛికంగా చెదిరిన దశ అటు నుంచి ఇటు దాకా అతుక్కోవాలంటే స్థూలంగా 30 శాతం ఘనపరిమాణం కావాలి, అంతకు తగ్గితే దీవులుగా మిగిలి అయాన్లు ఆ దీవుల్లో చిక్కుకుపోతాయి. ఈ అతుకుని అదృష్టానికి వదలకుండా ఉండాలనే అమెరికాలో బర్క్‌లీ వాళ్లు పాలీస్టైరీన్‌నీ పీఈఓనీ ఒకే గొలుసుగా కుట్టేసి, నానోమీటర్ల మందం పొరలు వాటంతటవే ఏర్పడేలా చేశారు. 2007లో సీయో అనే కంపెనీ పెట్టారు, 2015లో బాష్ కొనుక్కుంది. ఆ పొరల్లో దశ మొత్తం అందుబాటులో ఉన్నా, పొరలు అన్ని దిక్కులకీ తిరిగి ఉండటం వల్ల మూడో వంతు వాహకత అలాగే పోతుంది.

ఇప్పుడు రుణ అయాన్ దగ్గరికి వద్దాం. మనం కొలిచే వాహకతలో లిథియం వాటా, రుణ అయాన్ వాటా రెండూ కలిసి ఉంటాయి. బ్యాటరీకి పనికొచ్చేది లిథియం వాటాయే, రెండోది ఒక ఎలక్ట్రోడ్ దగ్గరికి పోయి పోగవుతుంది, రెండో వైపు లవణం అయిపోతుంది, కరెంటు పెంచిన కొద్దీ ఈ తేడా పెరిగి ఒక హద్దు దగ్గర బ్యాటరీ చేతులెత్తేస్తుంది. పీఈఓలో లిథియం వాటా సుమారు 0.2. అంటే 10⁻⁴ అని గర్వంగా రాసినదాంట్లో లిథియం మోసేది 2×10⁻⁵. దీన్ని కొలవడానికి 1987లో బ్రూస్, విన్సెంట్ వాళ్లు ఇచ్చిన పద్ధతి అందరికీ తెలుసు, రెండు లిథియం రేకుల మధ్య పొర పెట్టి చిన్న వోల్టేజి ఇచ్చి, కరెంటు మొదట ఎంత, స్థిరపడ్డాక ఎంత అని చూడటం. కష్టమైన ప్రయోగం కాదు. అయినా మిశ్రమాల పత్రాల్లో ఎన్నింటిలోనో ఈ సంఖ్య ఉండదు, ఉన్నా కొన్నిసార్లు 'అయాన్ల వాటా 0.97' అని ఉంటుంది, అది అయాన్లకీ ఎలక్ట్రాన్లకీ మధ్య వాటా మాత్రమే, లిథియం గురించి అది ఏమీ చెప్పదు. ఎవరైనా ఈ రెంటినీ కలగాపులగం చేస్తే చదవడం అక్కడే ఆపేయొచ్చు అని నా అభిప్రాయం.

ఇంకా మొహమాటం లేకుండా చెప్పాల్సింది తడి గురించి. పీవీఏ ఒంటినిండా హైడ్రాక్సిల్ గుంపులు, పీవీపీ గాలిలో తేమని లాగేస్తుంది, లిథియం లవణాలు సరేసరి. విశాఖ ఉక్కపోతలో గ్లవ్ బాక్స్ (తేమ లేని మూసిన పెట్టె) లేకుండా పోసిన పొరలో నీళ్లు ఉండవంటే నమ్మడం కష్టం. నీళ్లుంటే వాహకత అమాంతం పెరుగుతుంది, అందులో సగం ప్రోటాన్లదీ తడిసిన అయాన్లదీ కావచ్చు, లిథియం లోహం తగిలితే ఆ నీళ్లే దాన్ని తినేస్తాయి. పీవీడీఎఫ్ సంగతీ ఇంతే. దాన్ని కరిగించే డీఎంఎఫ్ 153 డిగ్రీల దగ్గర మరుగుతుంది, పైగా లిథియంతో గట్టిగా అతుక్కుంటుంది, వాక్యూమ్‌లో ఆరబెట్టినా కొంత మిగిలే ఉంటుంది. పీవీడీఎఫ్ ఘన ఎలక్ట్రోలైట్ అని పేరున్న చాలా పొరల్లో లిథియాన్ని నిజంగా మోసేది ఆ మిగిలిన డీఎంఎఫే అని ఇప్పుడు ఆ రంగంలోవాళ్లే ఒప్పుకుంటున్నారు. పని చేస్తే తప్పేముంది అనొచ్చు, తప్పేం లేదు, కానీ దాన్ని పాలిమర్ల కలయిక మహిమ అని రాయకూడదు. వేడి చేస్తూ బరువు తూస్తే ఎంత ద్రావకం పోతుందో తెలుస్తుంది, ఆ గ్రాఫ్ ఉందా లేదా చూసుకోండి. ఇంకోటి, పొరని 80 డిగ్రీలకి వేడి చేసి చల్లార్చిన వెంటనే కొలిస్తే అంకె బాగుంటుంది, స్ఫటికాలు తిరిగి కట్టడానికి సమయం పడుతుంది కాబట్టి. వారం తర్వాత అదే పొరని కొలిచారా?

ఇంత చెప్పాక, అయితే కలపడం దండగా అంటే, కాదు. మామూలు వేడిలో వాహకతని ఆకాశానికి ఎత్తేస్తుందని ఆశించడం దండగ. కలయికకి నిజంగా పట్టున్న చోట్లు వేరే ఉన్నాయి. 65 డిగ్రీలు దాటాక పీఈఓ మెత్తని జిగురులా మారుతుంది, ఒత్తిడికి పలుచనై రెండు ఎలక్ట్రోడ్లూ తగులుకునే ప్రమాదం ఉంది, అక్కడ పీవీడీఎఫ్ లాంటిది పొరని నిలబెడుతుంది, దాంతో మందం 50 మైక్రాన్ల నుంచి 20కి తగ్గించొచ్చు. మన లెక్క గుర్తుంటే, మందం సగానికి పైగా తగ్గడం అంటే వాహకత రెండున్నర రెట్లు పెరిగినంత లాభం, గొలుసుల్ని ఏమీ మార్చకుండానే. ఛార్జింగ్ అవుతుంటే లోహం మీద పెరిగే లిథియం ముళ్లు పొరని చీల్చుకు రాకుండా ఆపేంత గట్టిదనం మాత్రం రాదు, దానికి లోహం కంటే గట్టి పదార్థం కావాలి, ఏ మెత్తని మిశ్రమమూ ఆ దరిదాపుల్లో లేదు.

రెండోది వోల్టేజి. పీఈఓ సుమారు 4 వోల్టుల దగ్గర ఆక్సీకరణం చెందుతుంది, అందుకే దాన్ని 3.4 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌తోనే జత చేస్తూ వచ్చారు. నికెల్ ఎక్కువున్న క్యాథోడ్లతో పెడితే నిలవదు. పాలీఅక్రిలోనైట్రైల్ ఆ వోల్టేజిని తట్టుకుంటుంది కానీ లిథియం లోహంతో పడదు, పీఈఓకి లిథియంతో పడుతుంది కానీ ఆ వోల్టేజి పడదు. రెండింటినీ ఒకే గిన్నెలో కలిపితే రెండు చోట్లా రెండూ తగులుతాయి, రెండు బలహీనతలూ వస్తాయి. అందుకని ఇప్పుడు కొందరు కలపడం మానేసి క్యాథోడ్ వైపు ఒకటి, లిథియం వైపు ఒకటి, రెండు పలుచని పొరలుగా వేస్తున్నారు. అప్పుడు పొరల మధ్య సరిహద్దు దాటడానికి లిథియానికి ఎంత అడ్డు తగులుతుంది, ఎక్కువగా కరిగే వైపుకి లవణం మెల్లగా జారిపోతే ఏం చేయాలి అన్నవి కొత్తగా తేల్చుకోవాల్సిన లెక్కలు.